ప్రతిభకు హాజరుపట్టీ

చతురస్రాకారపు కాగితాన్ని రెండుసార్లు మడిచి, మడతల మీద ఒకచోట చిన్న రంధ్రం చేసి, తిరిగి విప్పితే ఎన్ని రంధ్రాలు ఏయే చోట్ల కనిపిస్తాయి? జవహర్ నవోదయ విద్యాలయాల ప్రవేశపరీక్షలో ఐదో తరగతి పిల్లలను అడిగే ప్రశ్నల తరహా ఇది. వరుసలో ఇమడని బొమ్మను గుర్తించడం, అద్దంలో ప్రతిబింబాన్ని ఊహించడం, పెద్ద బొమ్మలో దాగిన చిన్న బొమ్మను వెదకిపట్టడం వంటివి మరికొన్ని. ఇప్పటి ప్రశ్నపత్రంలో మొత్తం 80 ప్రశ్నలుంటే అందులో సగం, అంటే 40, ఇటువంటి బొమ్మలే. మిగిలినవి అంకగణితం, భాష. రెండు గంటల వ్యవధి. భాషతోను, పుస్తకంతోను, ఇంట్లో చదువుకున్నవారి తోడ్పాటుతోను నిమిత్తం లేకుండా పల్లెటూరి పిల్లల బుద్ధిబలాన్ని కొలవాలన్నది ఈ బొమ్మల వెనుక ఉన్న ఉద్దేశం. అక్షరం కంటె ఆకారం నిష్పక్షపాతమైనదని పరీక్షకర్తల నమ్మకం. ఆ నమ్మకంలో చాలావరకు నిజమున్నది.

1998లో పాలమూరు జిల్లాలోని ఒక గ్రామంలో, రెండు గదుల ప్రాథమిక పాఠశాల ప్రధానోపాధ్యాయుడు ఇటువంటి పాత ప్రశ్నపత్రం ఒకటి సంపాదించి, అందులోని బొమ్మలను నల్లబల్ల మీద గీసి ఐదో తరగతి పిల్లలను అడిగారు. కాగితం మడత ప్రశ్నకు తరగతిలో ఎవరూ నోరు విప్పలేదు. చివరి వరుసలోని ఒక అమ్మాయి మాత్రం లేచివచ్చి, చెప్పడానికి సిగ్గుపడి, సుద్దముక్క అడిగి తీసుకుని నాలుగు చుక్కలు పెట్టి వెళ్లి కూర్చున్నది. నాలుగూ ఉండవలసిన చోటనే ఉన్నాయి. తరువాతి బొమ్మకూ అంతే. ఆ తరువాతి దానికీ అంతే.

ఆయనకు ఇది పూర్తిగా ఆశ్చర్యం కలిగించిన సంగతి కాదు. ఆ ఏడు ఆగస్టు 15న జెండా కర్ర చుట్టూ పెద్ద పిల్లలు చుక్కల ముగ్గు మొదలుపెట్టి, మధ్యలో లెక్క తప్పి, చెరిపివేయబోతుండగా ఈ అమ్మాయి వారిని ఆపి, ఎక్కడ ఒక చుక్క ఎక్కువైనదో చూపి, ముగ్గును మూడు వైపుల నుంచి కలుపుకుంటూ వచ్చి పూర్తి చేసిన దృశ్యం ఆయన కళ్లారా చూశారు. వాచకం చదవమంటే తడబడే పిల్ల. ఎక్కాలు పదమూడు దాటితే తడుముకునే పిల్ల. ఆమె తెలివి ఆమెకు గాని, ఇంట్లోవారికి గాని తెలిసే మార్గం ఏదీ లేదు. చూడగలిగిన స్థానంలో ఉన్నవాడు ఉపాధ్యాయుడు ఒక్కడే. ఆయన చూశారు కూడా. ఇబ్బంది అంతా ఆ తరువాత వచ్చింది.

నవోదయ దరఖాస్తు ఫారాలను మండల విద్యాధికారి కార్యాలయం నుంచి ఆయన స్వయంగా తెచ్చారు. ఫారంలో ప్రధానోపాధ్యాయుడు ధ్రువీకరించవలసిన భాగం ఒకటి ఉంటుంది. గ్రామీణ కోటాలో పోటీ చేసే విద్యార్థి మూడు, నాలుగు, ఐదు తరగతులను గ్రామీణ ప్రాంతంలోని గుర్తింపు పొందిన పాఠశాలలో, ఒక్కొక్క తరగతిని పూర్తి విద్యాసంవత్సరం పాటు చదివి ఉండాలన్నది నిబంధన. పట్టణాల్లో చదివించి, పరీక్ష నాటికి పల్లెలో పేరు రాయించే కలిగినవారిని అడ్డుకోవడానికి పెట్టిన నిబంధన ఇది. నూటికి 75 సీట్లు పల్లె పిల్లలకే చెందాలన్న సంకల్పానికి ఇది కాపలా. దీనిని తప్పుపట్టడానికి ఎవరికీ కారణం కనిపించదు, ఈ అమ్మాయి నాలుగో తరగతి హాజరుపట్టీని తెరిచి చూసేవరకు.

పాలమూరు లేబరు అన్న మాట దేశంలో ఆనకట్టలు, కాలువలు కట్టిన ప్రతిచోటా వినిపించిన మాట. గుంపు మేస్త్రీ ముందుగా డబ్బిస్తాడు. ఆ డబ్బు అప్పులకో, ఇంటి ఖర్చుకో, పెళ్లికో అయిపోతుంది. దసరా దాటగానే కుటుంబాలు మూటలు సర్దుకుని లారీ ఎక్కుతాయి. ఉగాదికో, తొలకరికి కాస్త ముందో తిరిగివస్తాయి. పిల్లలు వెంట వెళతారు. ఆ అమ్మాయి 1997లో దసరా తరువాత వెళ్లి, 1998 ఉగాదికి వచ్చింది. నడుమ డిసెంబరు పుటలో ఆమె పేరుకు ఎదురుగా ఎర్రసిరాతో, దీర్ఘకాలం గైర్హాజరు అయినందున పేరు తొలగించడమైనదని ప్రధానోపాధ్యాయుని చేతిరాత ఉన్నది. ఏప్రిల్ పుటలో మళ్లీ చేర్చుకున్నట్లు ఆయన చేతిరాతే ఉన్నది.

ఆ ఎర్రసిరా వెనుక ఒక చిన్న చరిత్ర ఉన్నది. 1995 ఆగస్టు 15న కేంద్రప్రభుత్వం మధ్యాహ్న భోజన పథకాన్ని ప్రారంభించినప్పుడు చాలా రాష్ట్రాల్లో వండిన అన్నానికి బదులు నెలకు పిల్లవానికి 3 కిలోల ధాన్యం ఇచ్చే పద్ధతి ఉండేది. నూటికి 80 హాజరు ఉండాలన్నది షరతు. కాబట్టి హాజరుపట్టీలో పడే ఒక్కొక్క గీతకు బియ్యం విలువ ఏర్పడింది. ఊళ్లో లేని పిల్లలు కూడా పుస్తకంలో హాజరవుతూ ఉండే బడులు అప్పట్లో లేకపోలేదు. కొందరు ఉపాధ్యాయులు దయతోను, కొందరు ఒత్తిడితోను, కొందరు ఇతర కారణాలతోను ఆ పని చేశారు. ఈయన చేయలేదు. లేని పిల్లవాణ్ణి ఉన్నాడని రాయనన్నారు. తనిఖీకి వచ్చిన అధికారి ఆ విషయాన్ని మెచ్చుకుంటూ పుస్తకంలో నాలుగు మాటలు రాసి వెళ్లారు. ఉద్యోగజీవితంలో ఆయన దాచుకున్న ప్రశంస అదొక్కటే.

ఇప్పుడు ఆ నిజాయితీయే అడ్డుగా నిలిచింది. పట్టీలో అబద్ధం రాసి ఉంటే అమ్మాయికి అర్హత ఉండేది. నిజం రాసినందున లేదు. దరఖాస్తుపై సంతకం చేసినా, ఎంపికైన తరువాత చేరే సమయంలో స్టడీ సర్టిఫికెట్లు పరిశీలిస్తారు. అప్పుడు బయటపడితే సీటు పోతుంది, ఉపాధ్యాయుని ఉద్యోగానికీ ముప్పు వస్తుంది. ఈ పరీక్ష రాసే అవకాశం ఏ విద్యార్థికైనా జీవితంలో ఒక్కసారే. మరుసటి ఏడు చూసుకోవచ్చునన్న ఊరట కూడా లేదు. ఫారంలో ఆమె పేరు, తండ్రి పేరు, ఊరి పేరు ఆయనే నింపారు. ధ్రువీకరణ గడి దగ్గరకు వచ్చి ఆగిపోయారు.

ఆయన ఇంటికి వెళ్లి తల్లిని అడిగారు, ఈ ఏడైనా పిల్లను అవ్వ దగ్గర ఉంచి వెళ్లమని. “ముసల్దానికి కండ్లే కనబడవు సారూ, ఆడపిల్లను ఎవరి మీద ఇడిచిపోవాలె? మేస్త్రీ పైసలు తిన్నంక పోకుంటే ఊకుంటడా?” అన్నది ఆమె. దానికి సమాధానం ఆయన వద్ద లేదు. పరీక్ష వేసవికి ముందు. వలస దసరా నుంచి ఉగాది వరకు. ఈ రెండు పంచాంగాలు ఒకదానిపై ఒకటి పడుతున్నాయన్న సంగతి ఆ వాకిట్లో నిలబడినప్పుడే ఆయనకు మొదటిసారి తట్టింది. ఆ తరువాత చాలా సంవత్సరాలు ఆయన తనకు తాను చెప్పుకున్న సమాధానం ఇదే: సంతకం చేసినా ఆ పిల్ల పరీక్షనాటికి ఊళ్లో ఉండేది కాదు. అది నిజమే కావచ్చు. కాని సంతకం చేయకూడదన్న నిర్ణయం తల్లి మాటకు ముందే జరిగిపోయిందని ఆయనకు తెలుసు. నాలుగో తరగతి పట్టీ సంగతి ఆ తల్లికి ఆయన చెప్పలేదు.

ఆ ఏడు ఆ బడి నుంచి పరీక్ష రాసింది ఒక్కడే, కిరాణా దుకాణదారుని కొడుకు. తండ్రి పట్నం నుంచి గైడు తెప్పించాడు. కుర్రవాడు రాత్రిళ్లు కూర్చుని బొమ్మలన్నీ సాధన చేశాడు. ఎంపికై బిజినేపల్లి మండలం వట్టెంలోని విద్యాలయంలో చేరాడు. అతడు అర్హుడు కాడని అనడం అన్యాయం. కష్టపడి చదివిన పిల్లవాడు, పల్లెటూరి పిల్లవాడే. పథకం ఎవరి కోసమైతే ఏర్పడిందో వారిలో అతడూ ఒకడు. బొమ్మల ప్రశ్నలకు గైడు ఉంటుందన్నది మాత్రం ఆ పరీక్షను తీర్చిదిద్దినవారు ఊహించి ఉండరు.

ప్రతిభను కనిపెట్టే ప్రయత్నానికి ఇటువంటి చిక్కులు కొత్తవి కావు. 1905లో పారిస్‌లో ఆల్ఫ్రెడ్ బినే, థియోడోర్ సిమోన్‌తో కలిసి బుద్ధిపరీక్షను రూపొందించినది మేధావులను ఏరడానికి కాదు, బడిలో వెనుకబడి ప్రత్యేక సహాయం అవసరమైన పిల్లలను గుర్తించడానికి. సాధనం అమెరికా చేరేసరికి ప్రయోజనం మారిపోయింది. 1921లో కాలిఫోర్నియాలో లూయిస్ టెర్మన్ అదే తరహా పరీక్షతో సుమారు 1,500 మంది ప్రతిభావంతులైన బాలబాలికలను ఎంచి, వారి జీవితాలను దశాబ్దాల తరబడి పరిశీలించాడు. పరీక్షకు ఎవరిని పంపాలన్నది ముందుగా చాలావరకు ఉపాధ్యాయులే సూచించారు. ఆ జల్లెడలో నిలవకుండా జారిపోయిన పిల్లలు ఇద్దరు, విలియం షాక్లీ, లూయిస్ ఆల్వరెజ్, తరువాతి కాలంలో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతులు పొందారు. ఎన్నికైన వారిలో ఒక్కరికీ అది దక్కలేదు. ఈ ఉదంతాన్ని చెప్పుకుని పరీక్షలను వెక్కిరించడం సులభం. అయితే షాక్లీ, ఆల్వరెజ్ జారిపోయినా నిలదొక్కుకోగలిగిన ఇళ్లలో పుట్టారు. జల్లెడ చేసిన తప్పును ఇల్లు దిద్దింది. ఇల్లు దిద్దలేని చోట ఏమవుతుందన్నది టెర్మన్ కథలో లేదు.

అది వెదకాలంటే అంతకంటె దగ్గరి ఆధారం ఒకటి ఉన్నది. 1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో దేశీయ పాఠశాలల స్థితిగతులపై విచారణకు ఆదేశించినప్పుడు, బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంబెల్ 1823 ఆగస్టులో పంపిన నివేదిక అన్నిటిలోకి వివరమైనది. తెలుగు, కన్నడ బడులతో కలిపి జిల్లాలో 533 పాఠశాలలున్నట్లు ఆయన లెక్కించాడు. ముందుకు వెళ్లిన పిల్లలు వెనుకనున్న వారికి నేర్పే వీధిబడి పద్ధతిని మెచ్చుకున్నాడు. ఆ మెప్పుకు పక్కనే మరొక మాట కూడా రాశాడు: దేశం క్రమంగా పేదదవుతున్నదని, లేత చేతులు ఏ కాస్త పనికి పనికివచ్చినా తల్లిదండ్రులకు ఆ సహాయం తప్పనిసరి కావడం వల్ల పిల్లలు బడి విడుస్తున్నారని. కరవు నేల ఒకటే. నివేదికకూ, ఎర్రసిరా గీతకూ మధ్య కాలం 174 ఏళ్లు.

స్వతంత్ర భారతం ఈ సమస్యను పట్టించుకోలేదనడానికి వీల్లేదు. 1963లో జాతీయ విద్యా పరిశోధన, శిక్షణ మండలి శాస్త్రవిషయాల్లో ప్రతిభాన్వేషణ పరీక్షను ఢిల్లీలో ప్రారంభించి, మరుసటి సంవత్సరం దేశమంతటికీ విస్తరించింది. అది ఉపకారవేతనం ఇచ్చే పథకం, పిల్లవాణ్ణి ఉన్నచోటనే ఉంచి నెలనెలా డబ్బు ఇచ్చేది. పేద పల్లెలో ఉన్నచోటే అసలు ఇబ్బంది. పిల్లవాణ్ణి ఆ చోటు నుంచి తీసుకువచ్చి, అన్నంపెట్టి, పడకచూపి చదివించాలన్న ఆలోచనకు ప్రభుత్వ స్థాయిలో రూపమిచ్చిన తొలి ప్రయత్నాల్లో ఒకటి తెలుగునేల మీదనే జరిగింది. 1971 నవంబరులో నల్లగొండ జిల్లా సర్వేలులో గురుకుల పాఠశాల వెలసింది. అప్పటి ముఖ్యమంత్రి పి.వి. నరసింహారావు ఆలోచన అది. వెనువెంటనే కోస్తాలో తాడికొండ, రాయలసీమలో కొడిగెనహళ్లి గురుకులాలు వచ్చాయి. రాతపరీక్ష ద్వారా ఎంపిక, చెట్ల నీడన ఆవరణ, పిల్లలతోపాటు అక్కడే నివసించే ఉపాధ్యాయులు. రైతుకూలీల బిడ్డలు రాష్ట్రస్థాయి ర్యాంకులు సాధించడం తెలుగు పత్రికలకు ఏటేటా వార్త అయింది ఆ రోజుల్లోనే.

1985 సెప్టెంబరులో అదే నరసింహారావు కేంద్రంలో మానవ వనరుల అభివృద్ధి మంత్రి అయ్యారు. ఆ విద్యాసంవత్సరంలోనే హర్యానాలో ఝజ్జర్, మహారాష్ట్రలో అమరావతి విద్యాలయాలు ప్రయోగాత్మకంగా మొదలయ్యాయి. 1986 జాతీయ విద్యావిధానం ఈ ప్రయోగానికి దేశవ్యాప్త రూపం కల్పించింది. జిల్లాకొక విద్యాలయం, ఏటా ఆరో తరగతిలో 80 మంది వరకు, మూడింట ఒక వంతు బాలికలకు, జిల్లా జనాభాను బట్టి షెడ్యూల్డు కులాలకు, తెగలకు స్థానాలు. తొమ్మిదో తరగతిలో కొందరు పిల్లలు హిందీ ప్రాంతం నుంచి హిందీయేతర ప్రాంతానికి, అక్కడి నుంచి ఇక్కడికి ఒక ఏడాది మారి చదువుకోవడం ఈ విద్యాలయాల ప్రత్యేకత. సర్వేలుకూ నవోదయకూ మధ్య నడిచిన దారి ఎంత సూటిదో చరిత్రకారులు ఇంకా తగినంతగా రాయలేదు.

విమర్శ కూడా అప్పుడే మొదలయింది. కొఠారీ కమిషన్ 1966లో అందరికీ ఒకే బడి ఉండాలన్నది కదా, ఇరవై ఏళ్లలో ఏరిన పిల్లలకు వేరు బడి ఎందుకు కట్టాలన్నది ప్రశ్న. 1990లో ఆచార్య రామమూర్తి కమిటీ ఈ పథకాన్ని నిశితంగా విమర్శించింది. 1992లో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి ఎన్. జనార్దన్ రెడ్డి అధ్యక్షతన ఏర్పడిన మరొక కమిటీ కొనసాగించాలన్నది. పథకం కొనసాగింది. నేడు దేశంలో 650కి పైగా విద్యాలయాలున్నాయి. వాటివల్ల మేలు పొందిన కుటుంబాలను చూసినవారెవరూ ఈ విద్యాలయాలు అక్కరలేదని అనలేరు. అయితే రెండు పక్షాలూ లోపలికి వచ్చిన 80 మంది గురించే ఎక్కువగా వాదించుకున్నాయి. దరఖాస్తు దాకా రాని పిల్లను గురించి ఏ కమిటీ ముందూ వాదించేవారు లేరు. ఫారం రాకపోతే లెక్కలో ఉండదు, తిరస్కృతుల జాబితాలోనూ ఉండదు.

ప్రధానోపాధ్యాయుడు ఈ చర్చలేవీ చదివి ఉండరు. ఆయన చేయగలిగింది ఆయన చేశారు. 1999 నుంచి దసరాకు పదిహేను రోజుల ముందే వలస వెళ్లే ఇళ్లన్నీ తిరగడం మొదలుపెట్టారు. అవ్వలను, తాతలను ఒప్పించి మొదటి ఏడు ముగ్గురు పిల్లలను, మరుసటి ఏడు ఏడుగురిని ఊళ్లో నిలిపారు. తల్లిదండ్రులు లేని ఇళ్లలో పిల్లలు తిన్నారో లేదో సాయంకాలం వెళ్లి చూసివచ్చేవారు. 2001లో సర్వశిక్షా అభియాన్ వచ్చిన తరువాత వలస కుటుంబాల పిల్లలకు సీజనల్ హాస్టళ్లు తెరిచే ఏర్పాటు కలిగింది. బడిలోనే ఒక గదిలో పొయ్యి పెట్టి, ఊళ్లోని ఒక స్త్రీతో వండించి, తల్లిదండ్రులు తిరిగివచ్చేవరకు పిల్లలను ఉంచుకోవడమే ఆ హాస్టలు. ఖర్చు తక్కువ, పేరు అంతకంటె తక్కువ. ప్రతిభను వెదికే పథకాల పట్టికలో దానికి చోటే లేదు. కాని ఒక ఎర్రసిరా గీతను ఆపగలిగింది ఏదైనా ఉంటే అదే. తన పదవీవిరమణ నాటికి ఆ బడి నుంచి ఇద్దరు వలస కూలీల పిల్లలు నవోదయ పరీక్ష రాశారు. ఒకరికి సీటు వచ్చింది.

2016 వేసవిలో, విశ్రాంత జీవితంలో ఉన్న ఆయన పక్క ఊరికి నడిచి వెళుతూ ఉపాధి హామీ పని జరుగుతున్న చెరువు వద్ద ఆగారు. పూడిక తీస్తున్న గుంతల మధ్య ఒక స్త్రీ టేపు పట్టుకుని పొడవు, వెడల్పు, లోతు కొలిచి, నోటుబుక్కు తెరవకుండానే ఘనపరిమాణం చెబుతుంటే పక్కన మరొకరు రాసుకుంటున్నారు. ఆమె ఆ కూలీల బృందానికి మేటు. మొదట ఆయన గుర్తుపట్టలేదు.

“సారూ, మంచిగున్నరా?” అని ఆమే పలకరించింది.

ఏడో తరగతితో బడి ఆగిందని, పెళ్లయి ఈ ఊరు వచ్చిందని, ఇద్దరు పిల్లలని చెప్పింది. ఆయన ఆ పాత ఫారం సంగతి చెప్పాలనుకున్నారు. పద్దెనిమిదేళ్లుగా చెప్పాలనుకుంటున్న మాట అది. ఎండలో, అంతమంది మధ్య, ఎక్కడ మొదలుపెట్టాలో తోచలేదు. పెద్దవాడు ఏం చదువుతున్నాడని మాత్రం అడిగారు.

“జూన్‌ల అయిదుకు వస్తడు సారూ. నవోదయ రాపియ్యాలె. నేను ఎటూ పోలే. మూడు, నాలుగు, రెండేండ్లు ఒక్కదినం బడి తప్పనియ్యలే,” అన్నది ఆమె. ఆ నిబంధన ఆమెకు ఎవరు చెప్పారో, ఎప్పుడు తెలిసిందో ఆయన అడగలేదు. అవతలి గుంత వద్ద కూలీలు పిలుస్తున్నారు. ఆమె టేపు చుట్టుకుంటూ వెళ్లింది.